నిమ్మకాయల మీద నిఘా

డానియేలు ముప్పై ఒక్క ఏళ్లు సిటీ బస్సులో కండక్టరు. టికెట్ తీసుకోనివాణ్ణి మొహం చూసి పట్టేస్తాడని డిపోలో పేరు. రిటైరై రెండేళ్లయింది. ఇప్పుడు పట్టుకోవడానికి ఎవడూ లేడు. ఒంట్లో బీపీ, షుగరు ఏవీ లేని ఆ మనిషికి ఉన్న జబ్బల్లా అదే.

హైదరాబాదు కార్వాన్‌లో అతని ఇల్లు ఒక వాలు గల్లీకి దిగువన ఉంటుంది. ఆషాఢం మొదలైన వారంలో ఒక పొద్దున తలుపు తీస్తే గడప ముందు కుంకుమ పూసిన నిమ్మకాయ. రెండు రోజులాగి ఇంకొకటి. ఇలాంటివాటి మీద తనకు నమ్మకం లేదని ఆదివారం చర్చి బయట నలుగురికీ చెప్పాడు డానియేలు. నమ్మకం లేకపోయినా, ఆ నిమ్మకాయను దాటడానికి కాలు మాత్రం లేవలేదు. చీపురుతో దూరం నుంచే నెట్టేసి, గడప మీద బకెట్ నీళ్లు కుమ్మరించి, ఎందుకైనా మంచిదని ప్రార్థన రెండుసార్లు చేసుకున్నాడు.

అనుమానం ఎదురింటి ఎల్లేష్ మీదికి పోయింది. ఎల్లేష్ వడ్రంగి. ఇరవై ఏళ్లుగా సాయంత్రం ఐదింటికి ఇద్దరూ ఛాయ్ తాగేది ఎల్లేష్ అరుగు మీదే. ఆ అరుగు మీదే కూర్చుని, ఆ ఛాయే తాగుతూ డానియేలు అడిగేశాడు.

“ఎల్లేషూ, మీ ఇంట్ల దిష్టి తీసి మా గడపకాడ ఏస్తున్రా ఏంది?”

ఎల్లేష్ గ్లాసు కింద పెట్టాడు. “బస్సుల గూడ గిట్లనే అడుగుతుంటివా అన్నా, టికెట్ ఉన్నోన్ని?”

“ఉన్నోన్ని అడగకపోతుంటి. మొహం జూస్తె తెలుస్తది.”

“అయితే జూసి చెప్పు.”

డానియేలు చూశాడు. “తెలుస్తనే ఉంది,” అన్నాడు.

ఛాయ్ ఆ రోజుతో బంద్. పదకొండు రోజులు గడిచాయి. ఐదు కాగానే డానియేలు చొక్కా తొడుక్కునేవాడు, ఎటూ పోయేది లేదని గుర్తొచ్చి విప్పేసేవాడు. చివరికి ఒక లెక్క తేల్చుకున్నాడు: సాక్ష్యం దొరికితే ఎల్లేష్ తప్పు ఒప్పుకుంటాడు, ఒప్పుకుంటే తను పెద్ద మనసుతో క్షమిస్తాడు, ఛాయ్ మళ్లీ మొదలవుతుంది. దోస్తును దొంగగా పట్టుకుంటే దోస్తీ బాగుపడుతుందని అతను నిజంగానే నమ్మాడు.

కోఠిలో కెమెరాల దుకాణానికి పోయాడు.

“అది ఎవనికీ కనపడొద్దు భాయ్. దానికి మాత్రం అంత కనపడాలె.”

దుకాణదారు గోడ గడియారంలో దాచిన కెమెరా తీశాడు. గల్లీ వైపు గడియారం తిప్పిపెట్టుకునే పిచ్చోడెవడని డానియేలు వద్దన్నాడు. బల్బులా ఉన్నది చూపించాడు. బయట బిగిస్తే ఎదురింటోడు చూస్తాడు, కిటికీ లోపల్నుంచే తీయాలన్నాడు.

“అట్లనా చాచా, అయితే సునో.” దుకాణదారు అగ్గిపెట్టె అంత కెమెరా చేతిలో పెట్టాడు. “దీన్ని అద్దానికి అతికించాలె, నడుమ సందు ఉండొద్దు. చీకట్ల జూసే లైటుంటది, అది బంద్ జెయ్యి. లేకుంటె ఆ లైటు అద్దానికి కొట్టి వాపస్ వస్తది, వీడియో మొత్తం సఫేద్, తెల్లగ.”

“చీకట్ల పనిలేదు. చీకట్ల లేసి జూస్తె గడప ఖాళీగనే ఉంటది. నా దొంగ తెల్లారినంకనే వస్తడు.”

“షరీఫ్ దొంగ, మర్యాదస్తుడు,” అన్నాడు దుకాణదారు, మొహంలో నవ్వు లేకుండా.

ఇంటికొచ్చి కిటికీకి అతికించాడు. కూతురు షారోన్ బయటికి పోయి చూసొచ్చింది. “నల్ల కన్ను లెక్క కొట్టొచ్చినట్టు కనబడుతుంది డాడీ.”

డానియేలు రాత్రంతా ఆలోచించి, పొద్దున్నే సజ్జ మీద నుంచి క్రిస్మస్ స్టార్ దింపాడు. ఎర్ర కాగితానికి చిల్లు కోసి, కెమెరా లోపల పెట్టి, స్టార్‌ను అద్దానికి ఆనించి కట్టాడు.

“మనింట్ల స్టారుంటే ఎవనికి డౌటొస్తది?”

“జులైలనా డాడీ?”

గల్లీ అంతా వేపకొమ్మలు, బోనాల సందడి. మధ్యలో ఒక్క కిటికీలో క్రిస్మస్ స్టార్. మొదటిరోజే పక్కింటి నాగమణమ్మ ఆగి, “ఏం డానియేలూ, మీ పండుగ ఈ యేడు ముందే అచ్చిందా?” అంది. మూడోరోజుకు స్కూలు పిల్లలు దాని ముందు నిలబడి నాలుకలు బయటపెట్టి పోతున్నారు. నాలుగోరోజు పాలవాడు, “కెమెరా మంచిగ పనిజేస్తుందా అన్నా?” అని అడిగాడు. ఇదంతా ఎల్లేష్ చెవిన పడలేదని గల్లీ మొత్తంలో అనుకున్నవాడు డానియేలు ఒక్కడే.

వారం తర్వాత తండ్రీకూతుళ్లు ఫోన్లో వీడియోలు చూశారు.

గల్లీ ఎగువన, వీడియోలో పైమూలన కనపడేచోట, మూడు బాటలు కలుస్తాయి. దిష్టి తీసినవాళ్లు నిమ్మకాయ అక్కడ పడేసి పోతారు. దాన్ని పాల ఆటో చక్రం తన్నుతుంది. అది దొర్లుకుంటూ, దొర్లుకుంటూ వచ్చి, గల్లీలో అన్నిటికంటే పల్లంగా ఉన్న గడప దగ్గర ఆగుతుంది. ఆ గడప డానియేలుది. దొంగ అంటూ ఎవడూ లేడు.

ఆ తర్వాతిది చూసి డానియేలు ఫోన్ దగ్గరికి తెచ్చుకున్నాడు. ఏడు రోజుల్లో నాలుగు రోజులు ఎల్లేష్ లుంగీ ఎగగట్టుకుని వచ్చి, నిమ్మకాయను కాగితంతో పట్టుకుని తీసుకుపోయి మురికి మోరీలో పడేశాడు. నిమ్మకాయ కనపడని రోజుల్లో, “భయపడి బంద్ జేసిండు” అని సంబరపడ్డాడు డానియేలు.

చివరి వీడియో ఆ రోజు పొద్దుటిది. ఎల్లేష్ నిమ్మకాయ తీసి, నేరుగా కిటికీ ముందుకొచ్చి, స్టార్ కంట్లోకి చూస్తూ ఏదో మాట్లాడాడు. చేతులు తిప్పుతూ, నుదురు కొట్టుకుంటూ రెండు నిమిషాలు. కెమెరాకు మైకుంది కానీ, మూసిన అద్దం వెనక దానికి వినబడింది ఇంట్లో ఫ్యాన్ చప్పుడే.

డానియేలు నాలుగుసార్లు చూశాడు. “ఏమంటున్నడే?”

“నన్నడుగుతవేంది? పోయి ఆయన్నే అడుగు.”

ఎల్లేష్ అరుగు మీద చెక్కకు చిత్రిక పడుతున్నాడు. తల ఎత్తలేదు.

“పొద్దుగాల కిటికీకాడ ఏమన్నవ్?” అన్నాడు డానియేలు.

“గంత పెద్ద స్టారు పెట్టినవ్, ఇనబడలేదా?”

“అద్దం మూసున్నది.” డానియేలు అరుగు దగ్గరికి జరిగాడు. “నిమ్మకాయలు మీది నుంచి దొర్లుకుంట వస్తున్నయ్. జూసిన. నువ్వు తీసేసేది గూడ జూసిన. నాదే తప్పు.”

చిత్రిక ఆగింది. “తిట్టిన.”

“ఏమని?”

“ఏంది, మళ్ల తిట్టమంటవా?”

“తిట్టు,” అని డానియేలు అరుగు మీద కూర్చున్నాడు.

ఎల్లేష్ చేతుల మీది పొట్టు దులుపుకుని, ఇంట్లోకి రెండు ఛాయ్‌లు చెప్పి, మొదటి నుంచి మొదలుపెట్టాడు. మధ్యలో ఒకచోట డానియేలు తండ్రిని కూడా కలుపుకున్నాడు. డానియేలు అభ్యంతరం చెప్పలేదు.