పెరటి గోడ మీద ప్లగ్గు

పన్ను పీకించుకోవాలంటే డాక్టరు కావాలి. చొక్కా కుట్టించుకోవాలంటే దర్జీ కావాలి. గోడకు ప్లగ్గు పెట్టడానికి మాత్రం ఎవరూ అక్కర్లేదట. ఒక స్క్రూడ్రైవరు, ఫోనులో పది నిమిషాల వీడియో ఉంటే ప్రతి ఇంటాయనా కరెంటు పనివాడే. ఈ సంగతి తలచుకుంటేనే ఎర్తు మేస్త్రికి ఒళ్ళు మండిపోయేది.

ఆ పేరు ఆయనకు ఊరికే రాలేదు. ముప్ఫై రెండేళ్ళుగా ఇళ్ళకు వైరింగు చేస్తున్నాడు. ఏ ఇంటి గుమ్మం ఎక్కినా "బాగున్నారా" అనడానికి ముందే "ఎర్తు ఉందా" అని అడిగేవాడు. ఉందంటే నమ్మేవాడు కాదు. బోర్డు విప్పి, లీకైన కరెంటును మోసుకుపోయే ఆకుపచ్చ వైరు ఎక్కడ మొదలై ఎక్కడ భూమిలోకి దిగిందో కళ్ళారా చూసేదాకా మంచినీళ్ళు కూడా ముట్టేవాడు కాదు. లేదంటే సరే సరి, ఆ ఇంటాయనకు ఆ పూట అన్నం సయించేది కాదు. "ఇంట్లో పామును పెంచుకుంటూ పాలు పోస్తున్నారన్నమాట" అని మొదలుపెట్టి, వాళ్ళ తాత దాకా వెళ్ళి వచ్చేవాడు.

ఆ కోపానికి కారణం లేకపోలేదు. చాలా ఏళ్ళ కిందట ఒక ఇంటాయన పెరట్లో తనంతట తానే ప్లగ్గు పెట్టుకున్నాడు. వానకు తడిసింది. ఇంటావిడ దాని పక్కనే కట్టిన ఇనుప తీగ మీద ఆరేసిన బట్టలు తీయబోయింది, మళ్ళీ లోపలికి రాలేదు. తప్పెక్కడ జరిగిందో చూసి చెప్పమని మర్నాడు మేస్త్రిని పిలిచారు. చూశాడు, చెప్పాడు. ఎవరికి చెప్పి ఏం లాభం. ఆ రోజు నుంచి ఆయన నోరు మరీ పదునెక్కింది.

అలాంటి మనిషి అల్లుడే పెరటి గోడకు సొంతంగా ప్లగ్గు పెట్టాడు.

అల్లుడు బడిలో లెక్కల మాస్టారు. నెమ్మదస్తుడు, చేసే పని శ్రద్ధగా చేస్తాడు. ఒక ఆదివారం పొద్దున మేస్త్రి కూతుర్ని చూడటానికి వెళ్ళేసరికి, వాషింగ్ మెషీను వంటింట్లోంచి పెరట్లోకి మారి ఉంది. పక్కనే కుళాయి, వెనక గోడ మీద మిలమిలలాడుతున్న కొత్త పెట్టె.

"ఎవరు పెట్టారమ్మా ఇది?"

"ఆయనే పెట్టారు నాన్నా" అంది కూతురు. ఆ గొంతులో కాస్త గర్వం, కాస్త బెరుకు.

అయిదేళ్ళ మనవరాలు వచ్చి చెయ్యి పట్టుకుంది. "తాతయ్యా, ఆ మెషీను చీమలా కుడుతుంది."

"కుట్టడమేమిటే?"

"ఏం లేదు నాన్నా" అంది కూతురు తేలిగ్గా. "తడిచేత్తో ముట్టుకుంటే కొంచెం జిల్లుమంటుందంతే. కొత్తది కదా."

కొత్తది కదా అట. మేస్త్రి మనవరాలిని ఎత్తుకెళ్ళి వంటింటి గట్టు మీద కూర్చోబెట్టి, మెయిన్ ఆపేశాడు. చొక్కా జేబులోని టెస్టరుతో పెట్టె మూత విప్పాడు. వైరు పైనుంచి దిగింది, అంటే చినుకు పడితే నీళ్ళు తిన్నగా ఆ వైరు పట్టుకుని లోపలికే. ఫేజు ఉంది, న్యూట్రల్ ఉంది. ఆకుపచ్చ వైరును మాత్రం మొదలంటా కత్తిరించి, పైన నీటుగా టేపు చుట్టారు.

ఇక చూడాలి ఆయన కోపం. అల్లుడిని నువ్వు అనే అలవాటు లేదు కాబట్టి ఆ తిట్లన్నీ గౌరవంగానే వచ్చాయి, అందుకే ఇంకా గట్టిగా తగిలాయి.

"మీరు చదువుకున్నవారు కదండీ. పిల్లలకు లెక్కలు చెబుతారు. మూడు వైర్లుంటే రెండు చాలని ఏ లెక్కలో ఉంది? ఇల్లు మనదే, గోడ మనదే, కరెంటు మన మాట వింటుందా? ఇది కొరివితో తల గోక్కోవడం కాదూ? మీ తల అయితే మీ ఇష్టం. నా మనవరాలి తలతో ఎందుకండీ?"

అల్లుడు తలవంచుకుని విన్నాడు. మేస్త్రి ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు మాత్రం లోపలికి వెళ్ళి ఫోను తెచ్చాడు.

"ఇది చూసి చేశాను మామయ్యా."

మూత తీసిన ప్లగ్గు ఫొటో అది. మేస్త్రి కళ్ళజోడు సర్దుకుని చూశాడు. పైనుంచి దిగిన వైరు. లోపల రెండే రెండు తీగలు. ఎర్తు పిన్ను దగ్గర ఖాళీ.

"ఎవడండీ వీడు? వీడికి పనెవడు నేర్పాడు? ఇలాంటివాడి చేతిలో స్క్రూడ్రైవరు పెట్టిన వాళ్ళననాలి. ఎక్కడుంటాడో చెప్పండి, నేనే వెళ్ళి మాట్లాడతాను."

అల్లుడు భార్య వైపు చూశాడు. ఆమె గోడ వైపు తిరిగింది.

"మీ ఇల్లే మామయ్యా. పెరట్లో, బట్టలుతికే బండ పక్కన. పోయిన నెల వచ్చినప్పుడు మీరు పనికెళ్ళారు. మెయిన్ ఆపి మూత తీసి చూశాను. మీ చేత్తో చేసింది కదా, తప్పుండదనుకున్నాను. అందులో రెండే ఉన్నాయి. నా వైరులో మూడున్నాయి, మూడోది ఎక్కువేమో అనుకుని తీసేశాను."

"నన్ను అడగొచ్చు కదండీ."

"అడిగితే తిడతారని" అన్నాడు అల్లుడు. అబద్ధమాడే మనిషి కాదు.

మేస్త్రి మెషీను మూత మీద చెయ్యి ఆనించి నిలబడిపోయాడు. ఊరందరికీ శకునం చెప్పిన బల్లి కుడితి తొట్లో పడ్డట్టయింది. పదకొండేళ్ళ కిందట, ఎవరింట్లోనో పని సగంలో ఉండగా, తన భార్య పోరు పడలేక మిగిలిన ముక్క వైరుతో తగిలించిన ప్లగ్గది. ఆ వారంలోనే మార్చేద్దామనుకున్నాడు. ఊరివాళ్ళ బోర్డులన్నీ విప్పి చూసినవాడు తన పెరటి గోడ వైపు పదకొండేళ్ళలో ఒక్కసారి చూడలేదు. పరాయివాడు చేస్తే తాతల దాకా తిట్టేవాడు. ఇది తను చేశాడు. ఎవరిని తిట్టాలి?

ఆ పూట భోజనం మానేసి పని చేశాడు. మెయిన్ బోర్డు నుంచి మూడు తీగల వైరు లాగాడు. దాన్ని కింది వైపు నుంచి పెట్టెలోకి ఎక్కించాడు. వాన పడ్డా నీళ్ళు దిగని మూత వేశాడు. కరెంటు కాస్త పక్కదారి పట్టినా టప్పున పడిపోయే ట్రిప్ స్విచ్చి బిగించి, దాని పరీక్ష బటన్ను అల్లుడి చేతే నొక్కించాడు. పడింది. ఇంకోసారి నొక్కించాడు, మళ్ళీ పడింది.

"అయితే ఇంటివాళ్ళు చేసుకోకూడదంటారా మామయ్యా?" అన్నాడు అల్లుడు.

నిన్నటిదాకా అయితే ఈ ప్రశ్నకు వీధి చివరి దాకా వినిపించే జవాబొచ్చేది, ఇవాళ గొంతు పెరగలేదు. "బయట, నీళ్ళ పక్కన వద్దండీ. స్క్రూలు మీరూ బిగిస్తారు, నేనూ బిగిస్తాను. ఎర్తు సరిగ్గా ఉందో లేదో కొలిచి చూడటం మీకు రాదు, మీ దగ్గర పరికరమూ లేదు. నాకు వచ్చు, పరికరమూ ఉంది, అయినా చూడలేదు. ఇద్దరిలో నాదే పెద్ద తప్పు" అన్నాడు మేస్త్రి.

తన ఇంటికి వెళ్ళేసరికి పెరట్లో, ఆ ప్లగ్గు కిందే వాషింగ్ మెషీను తిరుగుతోంది. భార్య కాళ్ళకు రబ్బరు చెప్పులతో, ఒక చెక్క పలక మీద నిలబడి, దుప్పట్లు ఒక్కొక్కటే అందులో వేస్తోంది. ఆ పలక రోజూ ఆయన కంట పడేదే. బురదకేమో అనుకున్నాడు.

"ఏమే, అది ఎప్పుడైనా జిల్లుమందా?"

"జిల్లుమనకపోతే ఈ చెక్కెందుకు?"

"నాకు చెప్పలేదేం?"

"మొదటి ఏడే చెప్పాను. పనికి టైమైంది, చెప్పులేసుకో అన్నారు. వేసుకున్నాను. చెక్క నేను కనిపెట్టాను" అంది ఆవిడ, దుప్పటి అంచు లోపలికి నొక్కుతూ. ఆ గొంతులో నిష్ఠూరం కూడా లేదు. అదుంటే ఆయనకు కాస్త తేలికగా ఉండేది.

మేస్త్రి వెళ్ళి మెయిన్ ఆపాడు. తిరుగుతున్న మెషీను ఆగింది. వెనక్కి వచ్చేసరికి ఆవిడ ఇంకా పలక మీదే ఉంది.

"దిగు. కరెంటు తీసేశాను" అన్నాడు.

ఆవిడ తల ఊపింది. మెషీను మీంచి చెయ్యి తీసేసి, చీర చెంగుతో రెండు చేతులూ పొడిగా తుడుచుకుని, చెప్పులు సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకుని, అప్పుడు దిగింది.