నందినిలో మూడు గిటార్లు

నిన్న సాయంత్రం స్మృతి నగర్‌లోని ఒక దుకాణంలో పాత గిటారు పెట్టె మూత తెరవగానే ముదురు చెక్క వాసన, తుప్పెక్కిన తీగల వాసన కలిసి గుప్పుమన్నాయి. నా శిష్యురాలికి గిటారు కొనడానికి వెళ్లాం. చూడటానికి ఒకేలా ఉన్న రెండిటిని ముందు పెట్టుకుని ఆ అమ్మాయి ఏది తీసుకోమంటారని అడుగుతుంటే, నాకు దానియేలు మాస్టారు కళ్లముందు మెదిలారు.

ఆయన దుర్గ్ దగ్గరి చరోదా రైల్వే యార్డులో వ్యాగన్లు తనిఖీ చేసేవారు. తాతల నాడు బొబ్బిలి వైపు నుంచి వచ్చిన కుటుంబం. డ్యూటీ లేని పూట క్వార్టర్ వరండాలో పిల్లలకు గిటారు నేర్పేవారు. నా ఎడమచేతి ఉంగరపు వేలికి చివరి కణుపు లేదు. చిన్నప్పుడు సైకిల్ చైన్‌లో పడి తెగిపోయింది. అయినా పదిహేడో ఏట పట్టుబట్టి ఆయన దగ్గర చేరాను. మూడు నెలలు ఆయన గిటారు మీదే సాధన చేశాను. గిటారు మెడ మీద వేళ్లు బాగా చాచి నొక్కవలసిన చోట ఆ పొట్టి వేలు తీగను అందుకునేది కాదు. స్వరం మూగగా పడిపోయేది. చివరికి ఒకరోజు మాస్టారు మా నాన్నను పిలిపించి, ఈ చేతితో గిటారు కష్టమని, హార్మోనియం నేర్పించమని మెత్తగా చెప్పారు. ఇంటికి వచ్చాక నేను ఆ వేలినే చూసుకుంటూ ఏడ్చాను.

వారం తిరక్కుండానే మాస్టారు సైకిల్ తొక్కుకుంటూ మా ఇంటికి వచ్చారు. అమ్మ ఇచ్చిన టీ పక్కన పెట్టి నన్ను ఎదురుగా కూర్చోమన్నారు.

"నాది తప్పమ్మా. నా గిటారు మెడ బాగా ఎడల్పు. నా సెయ్యికి కుదిరిందని నీకూ అదే ఇచ్చీసి, నీకు రాదనీసినాను. నీ సెయ్యికి తగ్గది ఎతకాల గాని, నిన్ను పొమ్మనడమేటి?"

ఒక పెద్దమనిషి చిన్నవాళ్ల ముందు తప్పు ఒప్పుకోవడం నేను చూడటం అదే మొదలు.

ఆ తర్వాత సెలవు దొరికినప్పుడల్లా దుర్గ్‌లోనూ రాయపూర్‌లోనూ దుకాణాలు తిరిగాం. కొత్తవన్నీ దాదాపు ఒకే కొలత. చివరికి నందిని అనే గనుల ఊళ్లో, ఆ గనుల్లోనే పనిచేసి రిటైరైన ఒక అధికారి ఇంట్లో మూడు పాత గిటార్లు ఉన్నాయని తెలిసింది. ఆయనకూ ఆయన తమ్ముళ్లకూ ఒకే పనివాడు చేతితో చేసిచ్చినవట. చేసినప్పుడు ఆకారం, రంగు అన్నీ ఒకటేనట. మూడూ సమానమే, నచ్చింది తీసుకోండి అన్నాడాయన హిందీలో. మాస్టారు ఒప్పుకోలేదు. జేబులోంచి దారం తీసి మూడింటి మెడలూ కొలిచారు. ఒక కన్ను మూసి, మెడ వెంబడి చూపు సాగదీసి వంకర ఉందేమో చూశారు. మొదటిది తళతళలాడుతూ గట్టిగా మోగింది గాని మెడ వెడల్పు. రెండోదాని మెడ సన్నమే అయినా వంగిపోయింది. మూడోది వెలిసిపోయింది, పక్కన పగులు అతికించి ఉంది. దాని మెడ మాత్రం సన్నగా, నిటారుగా ఉంది. పగిలినది అమ్మడానికి ఇంటాయన మొహమాటపడ్డాడు. మాస్టారు అతుకు మీద వేలు ఆనించి, ఇది గట్టిగానే ఉందని ఆయనకు నచ్చజెప్పి, గిటారు నా ఒళ్లో పెట్టారు.

"బలం పెట్టకు. వేలెక్కడ ఆనుతోందో సూసుకో."

పొట్టి వేలు తీగను అందుకుంది. స్వరం స్పష్టంగా పలికింది.

"ఇంకోపాలి," అన్నారాయన. అలా నాలుగుసార్లు వాయింపించుకున్నారు.

రెండేళ్ల తర్వాత చరోదాలో రైల్వే ఉద్యోగుల కుటుంబాల వేడుకలో నా మొదటి కచేరీ. నన్ను పరిచయం చేయడానికి మాస్టారు మైకు తీసుకున్నారు. ముందు హిందీలో, తర్వాత మనవాళ్ల కోసం తెలుగులో చెప్పారు.

"ఈ పిల్లకి గిటారు రాదని సెప్పినోణ్ణి నేనే. ఇప్పుడు మీరు ఇనండి."

నేనింకా తీగ ముట్టనేలేదు, మూడో వరసలో నాన్న లేచి నిలబడ్డారు.

మాస్టారు పోయి నాలుగేళ్లయింది. ఇప్పుడు నా దగ్గర చాలామంది పిల్లలు నేర్చుకుంటున్నారు. ఎవరికైనా పాఠం పట్టుబడకపోతే, నేనిచ్చిన దాంట్లో పొరపాటు ఎక్కడుందా అని ముందు వెతుకుతాను. అయినా రెండుసార్లు నోరు జారి, నీకు రాదని అనేశాను. రెండుసార్లూ మర్నాడే ఆ పిల్లల ఇళ్లకు వెళ్లి, తల్లిదండ్రుల ముందే తప్పు నాదని చెప్పాను. ఒక తల్లి ఆశ్చర్యపోయి, టీచర్లు ఇలా కూడా వస్తారా అని అడిగింది. నేను దానియేలు మాస్టారి దగ్గర నేర్చుకున్నానని చెప్పాను.