ఒక్క కత్తిపీట, నలుగురు మనుషులు

ఈ ఉదయం మా వంటింట్లో కత్తిపీట మీద క్యాబేజీ తరుగుతున్న కరకర వినగానే గ్రేస్ మేడం గుర్తొచ్చారు. హైటెక్ సిటీ చుట్టూ ఇంకా బండరాళ్లే ఉన్న రోజుల్లో ఆవిడ నాకు పై అధికారి. లింగంపల్లి మనిషి. కోపం వచ్చినా గొంతు పెంచేవారు కాదు. నాకదే మరీ భయం.

నేను భీమవరం నుంచి వచ్చి ఉద్యోగంలో చేరిన కొత్త. ఊరూరా ఉన్న దుకాణాల కంప్యూటర్లను ఫోన్ లైన్ మీద పలకరించి, అమ్మకాల వివరాలు తెచ్చి, లెక్కలు కట్టే ప్రోగ్రాం నాకప్పగించారు. పైథాన్ అనే కంప్యూటర్ భాషలో రాసింది. పొద్దున్నే మొదలుపెట్టినా అది ముగిసేసరికి మధ్యాహ్నమయ్యేది. క్లయింటుకు చూపించేలోగా వేగం పెరగకపోతే నన్ను ఇంటికి పంపేస్తానని మేడం పైనున్న మేనేజర్ మొహం మీదే చెప్పేశాడు. నేనేదో తెలివిగా, పనులన్నీ పక్కపక్కనే నడుస్తాయని ఒకే ప్రోగ్రాంను పాయలుగా విడదీసి, దాని నిండా థ్రెడ్లు పెట్టేశాను. లెక్కలు తొందరగా తేలడం అటుంచి, ఇంకాస్త ఆలస్యమయ్యాయి. ఏడుపొక్కటే తక్కువ.

“ఏంది గిట్ల పరేషాన్ అయితున్నవ్?” అంటూ మేడం కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

“రెండు ప్రాసెసర్లున్న మెషీనేనండి. థ్రెడ్లు పెడితే ఇంకా నెమ్మదయిందండి.”

“మా ఇంట్ల కత్తిపీట ఒక్కటే. నలుగురం చుట్టూ కూసుంటే కూరగాయలు జల్ది తెగుతయా? పైథాన్‌ల గంతే. ఒక థ్రెడ్ లెక్క చేస్తుంటే మిగతవి చూస్తుంటయి. లెక్కలకు వేరే ప్రాసెస్ పెట్టు, విడిగ నడిచే ఇంకో ప్రోగ్రాం. ఇంకో మనిషి, ఇంకో కత్తిపీట.”

“మరి ఫోన్ లైన్లకండి?”

“ఆడ పనేముంది? జవాబొచ్చేదాంక చూసుడే గద. అన్నం ఉడికేదాంక పొయ్యి పక్కనే నిలబడతవా? ఒక్క మనిషే అన్ని పొయ్యిలు చూసుకుంటది. ఏది పొంగితే దాని దగ్గరికి పోతది.”

ఒకదాని జవాబు కోసం ఆగకుండా మిగతావి చూసుకోవడమే పుస్తకాల్లో చదివిన ‘అసింక్రనస్’ అని నాకప్పుడే తలకెక్కింది. “అయితే థ్రెడ్లు వద్దాండి?” అన్నాను.

“ఎవరన్నరు? లెక్కలు అచ్చేసే ఆ పాత ప్రింటర్ సాఫ్ట్‌వేర్ మన మాట వినదు, దాని పని అయ్యేదాంక మనల్ని కదలనియ్యదు. దానికొక థ్రెడ్ ఇచ్చి వదిలెయ్. ముందుగాల ఏ ముక్క పని చేస్తున్నదో, ఏది ఎదురుచూస్తున్నదో చూడు. ఇగ ఫికర్ చెయ్యకు.”

మేడం చెప్పినట్టే మార్చాను. చూపించిన రోజు క్లయింటు టీ తాగడం ముగించేలోపే ప్రోగ్రాం తన పని ముగించింది. అయినా క్లయింటు వెళ్లాక మేనేజర్ నా ఎదుటే మేడంతో, “ఈ అమ్మాయి మరీ స్లో అండి, మనకొద్దు,” అన్నాడు.

మేడం గొంతు మామూలుగానే ఉంది. “స్లో కాదు సార్. ఏమన్న డౌట్ వస్తే మీకే మెయిల్ పెట్టింది. ఒక్కదానికన్న జవాబిచ్చిన్రా? ఎదురుచూసిన టైం ఆమె లెక్కల రాస్తే ఎట్ల?”

ఆయన కంప్యూటర్ వైపు తిరిగి నా మెయిళ్లు వెతుక్కున్నాడు. నా ఉద్యోగం నిలిచింది. బాత్రూంలోకి వెళ్లి తనివితీరా ఏడ్చాను.

ఇప్పుడు నా కింద ఓ జట్టు పనిచేస్తోంది. ఎవరైనా నెమ్మదని ఫిర్యాదు వస్తే, వాళ్లు ఎవరి జవాబు కోసం ఆగిపోయారో ముందు కనుక్కుంటాను. చాలాసార్లు ఆ జవాబు ఇవ్వాల్సింది నేనే.