దేవుడి కుండలో నాంచారమ్మ చెయ్యి

గుడివాడలో మా ఇంటి పక్క బియ్యం కొట్టు ముందు లారీ ఆగి బస్తాలు దించుతుంటే లేచే తవుడు వాసన ముక్కుకు తగిలిందంటే చాలు, నేను వెళ్తున్న పని మర్చిపోయి మచిలీపట్నంలో మా నాయనమ్మ వంటింట్లో తేలతాను.

ఎండు వేపాకు కలిపిన బియ్యం డబ్బా, చింతకాయ పచ్చడి జాడీ, క్రిస్మస్ వస్తే అరిసెల నూనెతో జిడ్డోడే స్టీలు క్యాను, వానాకాలమైతే పొయ్యి పైన దండెం మీద ఆరీ ఆరని నా స్కూలు గౌన్లు, వీటన్నిటి మధ్య ఇరుకు మూతి మట్టికుండ ఒకటి ఉండేది. అది దేవుడి కుండ. పూటపూటా ఎసట్లో బియ్యం పొయ్యబోయే ముందు నాయనమ్మ ఒక పిడికెడు తీసి అందులో వేసి, కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకునేది. ఆదివారం చర్చిలో పరిచిన దుప్పటి మీద ఆడవాళ్ళందరూ అలా దాచిన బియ్యం పోసేవాళ్ళు. ఆ కుండలోంచి నాలుగు గింజలు నోట్లో వేసుకున్నానంటే నా వీపు విమానం మోత మోగేది.

మా ఇంట్లో అంట్లు తోమి బట్టలుతికే నాంచారమ్మ కాలవ గట్టున పాకలో ఒంటరిగా ఉండేది. నాకు తలంటి, జడలేసి, అచ్చంగాయల్లో నాతో తొండాడి, అయినా ఓడిపోతే నాకంటే ఎక్కువ అలిగేది. ఒక వానాకాలం నాకు టైఫాయిడ్ వచ్చి మంచం దిగలేకపోతే, పని అయిపోయాక కూడా ఇంటికి వెళ్ళకుండా నా కాళ్ళ దగ్గరే కూర్చునేది.

జ్వరం తగ్గి నేను పథ్యం తిన్న వారమే ఆ గొడవ జరిగింది. గురువారం పొద్దున నాయనమ్మ పెరట్లోంచి వచ్చేసరికి నాంచారమ్మ చెయ్యి దేవుడి కుండలో ఉంది. కొంగు ముడి విప్పి ఉంది, దానికి గింజలు అంటుకుని ఉన్నాయి.

“దేవుడి బియ్యమే దొరికాయా నీకు?” అంది నాయనమ్మ.

“తియ్యలేదండీ అమ్మగారూ, వేశానండి.”

“నీకే పూట గడవదు. నువ్వు వేశావంటే నమ్మడానికి నేనేం పిచ్చిదాన్నా?”

నాయనమ్మ ఆవిడని అప్పుడే మానిపించేసింది. సాయంత్రానికి మాట వీధంతా పాకి, పక్క ఇళ్ళవాళ్ళు కూడా రావద్దన్నారు. దొంగ అన్న పేరు పడితే ఆ ఊళ్ళో ఇక ఎవరూ గడప తొక్కనివ్వరు. నేను అన్నం ముట్టకుండా ఏడ్చాను.

ఆదివారం చర్చిలో నాయనమ్మ కుండ బోర్లించి, వంగి గింజలు చేత్తో కదిపి చూసింది. మా ఇంట్లో వండేది సన్నబియ్యం. దుప్పటి మీద పడ్డవాటిలో ముతక కోటా బియ్యం కలిసి ఉన్నాయి. ఆరాధన అయ్యేదాకా కూడా ఆగకుండా, చేతిలో బైబిలుతోనే, నన్ను రిక్షా ఎక్కించుకుని కాలవ గట్టుకి వెళ్ళింది.

“ఎందుకు వేశావే?” అంది, పాక ముందు నిలబడి.

“పాపకి తగ్గాలని మా అమ్మోరికి మొక్కుకున్నానండి. మళ్ళీ భయమేసిందండి. పాప మీ దేవుడి పిల్ల కదా, ఆయనతో ఒక మాట చెప్పకపోతే బాగోదని, తగ్గితే ఆయనకీ వారం రోజులు పిడికెడేస్తానన్నానండి.” అంటూ లోపలికి వెళ్ళి చిన్న గుడ్డమూట తెచ్చింది. “మీరు రావద్దన్న కాడినుంచి తీసినవండి ఇవి. మీరే కుండలో వేసెయ్యండి.”

నాయనమ్మ ఆ మూటని, అది పట్టుకున్న చేతుల్ని కలిపి పట్టుకుని ఏడ్చేసింది. తిరిగొచ్చేటప్పుడు వీధిలో ఒక్కో గుమ్మం ఎక్కి, “నాంచారమ్మ దొంగ కాదమ్మా, నోరు పారేసుకున్నది నేను” అని చెప్పింది. నాంచారమ్మ మర్నాడే పనిలోకి వచ్చింది. కొన్నాళ్ళు ముభావంగా ఉండి, తర్వాత మళ్ళీ నాతో తొండాట మొదలుపెట్టింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

ఇప్పుడు మా చర్చిలో దుప్పటి పరిచేవాళ్ళు లేరు, గుమ్మం దగ్గర ఫోనుతో స్కాన్ చేస్తే కానుక వెళ్ళిపోతుంది. కాలవ గట్టున పాకలు లేవు. నాయనమ్మ లేదు, నాంచారమ్మా లేదు. దొంగవని గెంటేసిన ఇంటి పిల్ల కోసం, ఉన్న పనులు పోయిన ఆ రోజుల్లో కూడా, తన కూట్లోంచి పిడికెడు తీసిపెట్టిన మనిషి ఆవిడ. నా ప్రాణం నిలబెట్టింది ఏ దేవుడో నాకు తెలియదు, ఇద్దరినీ అడిగింది మాత్రం నాంచారమ్మ.