మా గొంగడి, సుజాత కథ

నిన్నటి వానకు తడిసిన గొంగడిని పొద్దుగాల దండెం మీద ఆరేసిన. గా వాసనకు త్రిపురారంల మా పాత ఇల్లు కండ్లల్ల మెదిలింది. గొర్లున్న ఇండ్లల్ల పెరిగినోళ్లకు యాదికుండే ఉంటది, తడి గొంగడి ఎట్ల ముక్కు పగలగొడ్తదో!

వానల పుట్టిన గొర్రెపిల్లను మా అమ్మ తెచ్చి నా గొంగడిల పెట్టేది. "సలికి వణుకుతున్నదే, జర దగ్గరికి తీసుకో" అనేది. దాని గుండె నా కడుపు మీద టకటక కొట్టుకునేది. మా ఇంట్ల కిరాయికున్న సారు బిడ్డ సుజాత నా దోస్తు. తెల్లారి గివన్నీ దానికే చెప్పేదాన్ని. అది గడప అవతలనే నిలబడి, ముక్కు మూసుకొని వినేది. "ఛీ, కంపు! ఎట్ల పండుకుంటవే?" అనేది.

నిరుడు సూర్యాపేటల ఒక చిన్న ప్రచురణ సంస్థోళ్లు కొత్త రచయితలకు కథల పోటీ పెట్టిండ్రు. బతుకుల మొదటిసారి కథ రాసిన, గీ గొర్రెపిల్ల గురించే. "ఇదే కథ మాకు ఇదివరకే వచ్చింది. కాపీ కథలు తీసుకోము. మీ సొంత జీవితం రాయండి" అని జవాబిచ్చిండ్రు. నాకు సమజ్ కాలే.

పోయిన వారం కోదాడల వాళ్లేసిన పుస్తకం కనవడితే కొన్న. మొదటి బహుమతి కథ సుజాతది. గొంగడిల పండుకున్నది తనేనట, గొర్రెపిల్ల గుండె కొట్టుకున్నది తన కడుపు మీదనేనట. గాడ నుంచే సుజాతకు ఫోన్ చేసిన.

"నువ్వు కూడా రాస్తవని నేననుకోలేదే" అన్నది. గంతే.

తడిసిన గొంగడి మల్లెపూల లెక్క గమగమలాడిందని రాసింది. బహుమతి ఇచ్చినోళ్లల్ల ఒక్కరన్నా ఎన్నడన్నా గొంగడి కప్పుకొని ఉంటే, కాపీ ఎవరిదో గా మాటకాడనే దొరికేది.