లక్షుమ్మ టీచరమ్మకు దొరికిన మూడేళ్లు

మొన్న మోకాలికి ఎక్స్‌రే తీయించుకుంటుంటే ఆ యంత్రం సన్నగా మోగింది. మద్రాసు ఆసుపత్రిలో ఒక మూసిన తలుపు బయట ఇలాంటి మోతే వింటూ కూర్చున్న రోజులు గుర్తొచ్చాయి. ఆ తలుపు లోపల ఉన్నది మా లక్షుమ్మ టీచరమ్మ.

వేంపల్లె ఆడపిల్లల బడికి ఆమె పెద్ద టీచరు. నేను కొత్తగా ఉద్యోగంలో చేరినదాన్ని. పంతొమ్మిది వందల యాభైల్లో మా వైపు ఆడపిల్లల చదువు ఐదో తరగతితో ఆగిపోయేది. ఎనిమిది దాకా చదివించి పరీక్షకు కూర్చోబెట్టాలని ఆమె పట్టు. అలాంటి మనిషికి ఎడమ డొక్కలో బల్ల, అంటే ప్లీహం, ఉబ్బి పెరగసాగింది. పాఠం మధ్యలో గోడకు ఆనుకునేవారు. వాతలు పెట్టిద్దామని వాళ్ల అత్తగారు అంటే ఒప్పుకోలేదు. నన్ను తోడు తీసుకొని కడపలో రైలెక్కారు.

అది మెల్లగా ముదిరే రక్త క్యాన్సరని మద్రాసు డాక్టరు తేల్చాడు. బల్ల మీద ఎక్స్‌రే కిరణాలు పెడతామన్నాడు. మా వైపు దాన్నే కరెంటు పెట్టడం అనేవారు.

"నయమైతాదా సార్?" అని టీచరమ్మ అడిగారు.

"పూర్తిగా కాదమ్మా. బల్ల తగ్గుతుంది, ఓపిక వస్తుంది. మళ్లీ తిరగబెడుతుంది. కొందరికి ఏడాదికే, కొందరికి మూడు నాలుగేళ్లకు."

"ఆ లోపల బడికి పోవచ్చునా?"

"పోవచ్చు."

"అయితే పెట్టండి."

వాంతులతో, కమిలిన చర్మంతో కొన్ని వారాలు గడిచాయి. తర్వాత బల్ల తగ్గింది, అన్నం సయించింది. ఊరు చేరిన మర్నాడే ఆమె అంగళ్ల వీధికి బయలుదేరారు, వెనక నేను. కిరాణా అంగడి సుబ్బయ్య కూతురు ఐదు ముగించి ఇంట్లో కూర్చుంది.

"నీ ఒళ్లే బాగలేదు గదమ్మా," అన్నాడు సుబ్బయ్య. "నడమ నీకేమన్నా అయితే నా బిడ్డ సదువు ఏం కావాల?"

"ఈ సావిత్రి ఉండాది. బిడ్డను పంపప్పా."

అంటూ నన్ను చూపించారు. బయటికొచ్చాక, "నాకు లెక్కలు సరిగా రావు గదమ్మా," అన్నాను.

"నాకింకా టైముండాది గదా. నేర్పిస్తా," అన్నారు.

అన్నట్టే ప్రతి సాయంత్రం బడి వదిలాక నన్ను కూర్చోబెట్టుకొని నేర్పారు. రెండేళ్లకు బల్ల మళ్లీ పెరిగింది. మళ్లీ మద్రాసు పోయాం. ఈసారి ఊరట కొన్ని నెలలే. మూడోసారి కిరణాలు పని చేయలేదు. మంచం పట్టాక కూడా నా చేత లెక్కలు చేయించి తప్పులు పట్టేవారు. పిల్లల పరీక్షలకు కొద్దిరోజుల ముందు కన్నుమూశారు. ఆమె దహనం జరిగిన మర్నాడు బడి తెరిచాను. సుబ్బయ్య కూతురితో సహా పిల్లలంతా పాసయ్యారు.

అంత దూరం పోయి వైద్యం చేయించుకున్నా దక్కలేదని బంధువులు అనేవారు. నేను ఒప్పుకోను. ఆ కిరణాలిచ్చిన వ్యవధిలోనే ఆమె నన్ను లెక్కల టీచరును చేశారు. రిటైరయ్యే దాకా ఆ పనే చేశాను. ఏ పిల్లయినా లెక్కలు రావని మొండికేస్తే, పక్కన చాప వేసుకుని కూర్చునేదాన్ని, వచ్చే దాకా లేచేదాన్ని కాదు.