దొంగ శ్రుతి

గోరంత మీట అది. నల్లగా, ఒక పెట్టెకు ఎడమ అంచున ఉంటుంది. దాని బరువు నేను ఇన్నేళ్ళుగా మోస్తున్నాను. మీకు నవ్వొస్తే నవ్వండి, తప్పేం లేదు. ఇందులో నవ్వొచ్చే సంగతులు చాలానే ఉన్నాయి. కూరలో ఉప్పు వేస్తూ వేస్తూ నాకే ఒక్కోసారి నవ్వొస్తుంది, అంతలోనే ఒక మనిషి ముఖం గుర్తొచ్చి ఆ నవ్వు ఆగిపోతుంది. పేరు చెప్పను. నందిగామలో పిల్లలకు సంగీతం చెబుతుంటాను. అంతవరకు చాలు.

మా మావయ్య గురించి ముందు చెప్పాలి. మా అమ్మకు అన్న. జగ్గయ్యపేటలో మిరప, పత్తి వేసే రైతు. పగలు చేలో ఉంటాడు, తీరిక దొరికితే పౌరాణిక పద్యాలు పాడతాడు. మా వైపు పద్యం పాడేవాణ్ణి గొంతు ఎలా ఉందని అడగరు, శ్రుతి ఎంత అని అడుగుతారు. హార్మోనియం మీద తెల్ల మెట్లకు ఒకటి, రెండు, మూడు అని లెక్క, నల్లవాటికి అరలు. ఎంత పై మెట్టులో పాడితే అంత గొప్ప. మావయ్యది ఐదున్నర. తొంభైల్లో ఆయన ఆ శ్రుతిలో రాగం ఎత్తుకుంటే మైకువాడు బీడీ కాల్చుకోవడానికి వెళ్ళిపోయేవాడు, మైకుతో పనిలేదు గనక. పక్కన హార్మోనియం వాయించేది నేను. మా నాన్న దగ్గర నేర్చుకున్నాను. చుట్టుపక్కల పద్యాలకు వాయించే ఆడమనిషిని నేనొక్కదాన్నే. ఆ గర్వం నాకు ఉండేది. ఇప్పటికీ ఉంది.

కొత్త శతాబ్దం వచ్చాక మావయ్య గొంతు అలిసిపోయింది. మొదట ముక్త్యాలలో తెలిసింది. రాగం పైకి వెళ్ళినచోట గొంతు ఒక్కసారి చీలింది. లారీల దుమ్మన్నాడు. తర్వాత జలుబన్నాడు. ఆ తర్వాత ఆవకాయ మానేశాడు. ఆవకాయ మానేసిన జగ్గయ్యపేట మనిషిని నేను అంతకుముందు చూడలేదు. ఒకసారి ధైర్యం చేసి, ఐదు పెట్టుకుందాం మావయ్యా, హాయిగా ఉంటుంది అన్నాను. వారం రోజులు నాతో మాట్లాడలేదు. ఆర్కెస్ట్రా కుర్రాళ్ళు కీబోర్డు మీద మీట నొక్కి, వేలు మెట్టు మారకుండానే శ్రుతి దించుకుంటారని ఆయనకు తెలుసు. దానికి ఆయన పెట్టిన పేరు దొంగ శ్రుతి.

ఆ రోజుల్లోనే మా హార్మోనియం తిత్తి చిరిగింది. బాగుచేసేవాళ్ళు లేరు, దాన్ని బస్సెక్కించే ఓపికా లేదు. కొత్త వాయిద్యం కొందామని మావయ్యా నేనూ విజయవాడ వెళ్ళాం. అదిగో, అక్కడ మొదలైంది నా తప్పు. తర్వాత చేసినవన్నీ దానికి పిల్లలు.

షాపులో పెద్ద కీబోర్డులు చూపించారు. మావయ్య వాటి వంక కూడా చూడలేదు. వాటికి తెర ఉంటుంది, మీట నొక్కితే తెర మీద అంకె పడుతుంది. అప్పుడు షాపు కుర్రాడు చిన్నవి తీశాడు. బడిపిల్లల సంచిలో పట్టేంత ఉన్నాయి. వాటికి సొంత శబ్దం ఉండదు, కంప్యూటరుకు తగిలిస్తే అది పలుకుతుంది. మావయ్య ఒక మెట్టు నొక్కాడు. ఏమీ వినిపించలేదు. చెవి దగ్గర పెట్టుకుని మళ్ళీ నొక్కాడు.

"ఇది చచ్చిపోయిందేంటండీ" అన్నాడు షాపు కుర్రాడితో, పరామర్శకు వెళ్ళినవాడిలా.

నేను పడీ పడీ నవ్వాను. మా ఆయన లాప్‌టాప్ తెచ్చాను కాబట్టి దానికి తగిలించి హార్మోనియం పలికించాం. మావయ్య ముఖం వెలిగిపోయింది. ఆయన టీకి వెళ్ళగానే నేను ఒక్కొక్కటీ పట్టుకుని చూశాను. మెట్లు మెత్తగా ఉన్నాయా, వేలు ఇరుక్కుంటుందా, ఒళ్ళో నిలుస్తుందా, ఇవన్నీ అడిగాను. ఇవన్నీ అడగాల్సినవే. కానీ నేను వెతుకుతున్నది వేరు. ఒకదానికి మెట్లు చాలా బాగున్నాయి, కానీ శ్రుతి దించితే ఎర్ర లైటు వెలుగుతోంది. వద్దన్నాను. ఇంకోదానికి మీట నడిమధ్యలో ఉంది. వద్దన్నాను. మూడోదానికి మెట్లు గట్టిగా, రెండు స్థాయిలే, అంత గొప్పదేం కాదు. కానీ మీట ఎడమ అంచున, లైటు లేకుండా, చప్పుడు చేయకుండా ఉంది. ఒకసారి నొక్కితే అర మెట్టు దిగుతుంది. నా ఎడమ చెయ్యి దాన్ని పూర్తిగా కప్పేస్తుంది. ఇదే కావాలన్నాను.

మావయ్య టీ తాగి వచ్చాడు. దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఏమే, ఇందులో ఆ దొంగ మీట లేదు గదా?"

"ఇంత చిన్నదాంట్లో ఎక్కడ పెడతారు మావయ్యా."

"అదీ నిజమేలే. మన శ్రుతి ఏదీ, చూపించు."

ఐదున్నర మెట్టు మీద వేలు పెట్టి చూపించాను. ఆయన తృప్తిగా తల ఊపాడు. తిరుగు బస్సులో దారి పొడుగునా ఆ పెట్టెను ఒళ్ళో పెట్టుకుని, పక్క సీటాయనకు నొక్కి చూపించాడు, శబ్దం రాదండీ దీనికి, అదే గొప్ప అంటూ.

ఆ తర్వాత రోజులు ఎంత సంతోషంగా గడిచాయో చెబితే మీరు నన్ను క్షమించేస్తారేమో, అందుకే చెప్పాలంటే భయం. వేలు ఐదున్నర మీదే ఉండేది. పలికేది ఐదు. కొన్నాళ్ళకు నాలుగున్నర. మావయ్య ప్రతిసారీ నా వేలు వైపు చూసేవాడు, మెట్టు సరిపోయిందని కళ్ళతోనే ఒప్పుకుని పద్యం ఎత్తుకునేవాడు. గొంతు చీలడం ఆగిపోయింది. ఆవకాయ మళ్ళీ పళ్ళెంలోకి వచ్చింది. అత్తయ్య నాకు జంతికల డబ్బా పంపింది, ఈ చిన్న పెట్టె వచ్చిన వేళావిశేషం అంటూ. "గొంతు పదేళ్ళు ఎనక్కెళ్ళిందే" అనేవాడు మావయ్య. నేను అవుననేదాన్ని. ఆయన మీద ప్రేమతోనే చేశాననుకుంటాను. పూర్తిగా ప్రేమేనా? ఆయన మానేస్తే నేనూ ఇంట్లో కూర్చోవాలి. ఆ చప్పట్లలో నా వాటా నాకు కావాలి. రెండూ కలిసే ఉన్నాయి, ఏది ఎంతో నాకు ఈనాటికీ తెలియదు.

ఇక్కడితో ఆగి ఉంటే ఇది రాసేదాన్ని కాదు.

ఒక ఆదివారం సాయంత్రం నందిగామలో పద్యాల సభ. మావయ్యకు ఆ రోజు నిజంగానే జలుబు. మీట నాలుగుసార్లు నొక్కాను. అంటే పలికింది మూడు, నాలుగుకూ మూడుకూ మధ్య నల్ల మెట్టు ఉండదు గనక. మూడులో ఆయన హాయిగా, నదిలో ఈదినట్టు పాడాడు. జనం మళ్ళీ మళ్ళీ పాడించుకున్నారు. తర్వాత చందర్లపాడు నుంచి ఒక మాస్టారు వచ్చారు. తెలుగు చెప్పి రిటైరైన మనిషి, మెత్తని గొంతు, మాట స్పష్టం. ఆయన నా దగ్గరకు వంగి, "నాలుగు ఇవ్వండమ్మా, అంతకన్నా నా వల్ల కాదు" అన్నారు. ఆయన మెల్లగానే అన్నారు. మైకుకు వినిపించింది.

మావయ్య పక్క కుర్చీలోంచి అందుకున్నాడు. "నాలుగాండీ మాస్టారూ? నాలుగులో మేం పళ్ళు తోంకుంటా పాడతామండీ."

జనం గొల్లుమన్నారు. మాస్టారు కూడా నవ్వారు. మావయ్య మనసులో కల్మషం లేదు, సంతోషం ఎక్కువైతే ఆయన నోరు అలాగే జారుతుంది. కానీ నాకు తెలుసు. ఆ హాలు మొత్తంలో నాకొక్కదానికే తెలుసు, ఆయన అప్పుడే పాడి దిగింది మూడులోనని, అది మాస్టారు అడిగిన దానికి కింది మెట్టని. నేనేం చేశాను? మాట్లాడకపోయినా సరిపోయేది. తల దించుకున్నా సరిపోయేది. నేనూ నవ్వాను. అందరికన్నా గట్టిగా నవ్వాను, ఎందుకంటే ఆ హాస్యం నాకే అందరికన్నా బాగా అర్థమైంది.

మీట నొక్కడం తప్పో కాదో మీరు చెప్పండి. ఆ నవ్వు మాత్రం తప్పే.

మాస్టారు పాడారు. బాగా పాడారు. కానీ నాలుగు మాస్టారు అనే పేరు ఆయనకు అతుక్కుపోయింది, టీకొట్టు దగ్గరా, బస్సులోనూ. తర్వాతి సభకు గొంతు బాగాలేదని కబురు పంపారు. ఆ తర్వాతి దానికి కబురు కూడా రాలేదు. ఆయన మళ్ళీ వేదిక ఎక్కలేదు.

మావయ్య ఇప్పుడు పాడటం లేదు. కానీ ఇంజక్షన్ ఇవ్వడానికి వచ్చిన నర్సమ్మకు కూడా చెబుతాడు, ఆఖరుదాకా ఐదున్నర దించలేదమ్మా అని. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన ముఖం చూడాలి. మనవరాళ్ళు వెనక నిలబడి ఆయనతో పాటు పెదవులు కదుపుతారు. ఆ ఇంట్లో ఆ మాట అంత ముద్దు. దాన్ని లాగేసుకోవడానికి నాకు చేతులు రాలేదు.

పోయిన నెల మాస్టారు తన మనవరాలిని నా క్లాసులో చేర్పించడానికి వచ్చారు. పెద్దవారైపోయారు. పిల్లలు ఊరుకోకుండా తాతగారూ ఒక పద్యం అన్నారు. ఆయన నా వైపు చూశారు.

"నాలుగు పెట్టమ్మా. మీరెవరూ నవ్వకపోతేనే."

నవ్వుతూనే అన్నారు. మనసులో ఏమీ పెట్టుకోకుండా అన్నారు. ఆ పాత పెట్టె మీదే నాలుగు ఇచ్చాను. అసలైన నాలుగు. ఆయన పాడుతుంటే పిల్లలు కదలకుండా విన్నారు. నాకు ఏడుపూ సంతోషమూ కలిసి వచ్చాయి. అయ్యాక, "మీ మావయ్యది దేవుడిచ్చిన గొంతమ్మా, ఐదున్నరంటే మాటలా" అన్నారాయన. అప్పుడు చెప్పాల్సింది. కాఫీ ఇచ్చాను.

అందుకే ఇలా పత్రికకు రాస్తున్నాను. మాస్టారు పత్రిక వస్తే ప్రకటనలు కూడా వదలకుండా చదివే మనిషి. పేరు లేకపోయినా మొదటి పేరాలోనే నన్ను పట్టేస్తారు. మావయ్యకూ ఎవరో ఒకరు చదివి వినిపిస్తారు, మా ఇళ్ళల్లో అలాంటి పుణ్యాత్ములకు కొదవ లేదు. ఒకరు మనవరాలిని నా క్లాసుకు పంపడం మానేయొచ్చు, ఇంకొకరు మళ్ళీ మాట్లాడటం మానేయొచ్చు, ఈసారి వారంతో పోదు. క్షమించమని ఇద్దరినీ అడగను. అడిగే ముఖం లేదు.

మాస్టారూ, ఆ సాయంత్రం మా మావయ్యది మూడు. మీది నాలుగు.

రాసేశాను. రాసి, పైకి చదువుకున్నాను. ఒళ్ళు తేలికైంది, ఎందుకో నవ్వు కూడా వచ్చింది, ఈసారి అది మధ్యలో ఆగలేదు. లేచి వెళ్ళి, ఆ మీట మీద చిన్న కాగితం ముక్క అంటించి ఇక కదలకుండా చేశాను. ఇప్పుడు వేలు ఏ మెట్టు మీద పెడితే ఆ మెట్టే పలుకుతోంది.